నలభై అయిదేళ్ల రూలు

"మేము లీగులో చేరం సార్," అన్నాడు మునాఫ్.

సోమశేఖర్ తెల్లబోయాడు. ఇంతకు ముందే ఇదే మునాఫ్ "జెర్సీ ఏ రంగుది కుట్టించుకోవాల సార్" అని అడిగాడు.

కువైట్‌లోని సులైబియాలో గోదాముల వెనక ఇసుక నేల అది. అటూ ఇటూ పాత ఇనుప గొట్టాలు పాతి గోలు స్తంభాలు చేసుకున్నారు. ప్రతి శుక్రవారం పొద్దున రాయచోటి, కడప వాళ్ళు కొందరు, గోదావరి వాళ్ళు కొందరు అక్కడ ఫుట్‌బాల్ ఆడతారు. ఏ లీగుకూ చెందని జట్టు. నేపాలీలు వస్తే నేపాలీలతో, ఈజిప్టు వాళ్ళు వస్తే వాళ్ళతో ఆట. మధ్యలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఫోన్ చేస్తే బూట్లతోనే బండెక్కి పోతారు. పక్కన నిలబడి చూస్తున్నవాడు ఆ చోట్లోకి దిగుతాడు.

సోమశేఖర్ మహబూలా నుంచి వచ్చాడు. విజయవాడ మనిషి, ఇంజనీరు. కువైట్‌లో తెలుగు వాళ్ళ జట్లను కలిపి లీగు నడుపుతున్నాడు. పచ్చగడ్డి మైదానం, రెఫరీ, చివర్లో కప్పు. ఆయన చెబుతుంటే జట్టులో కుర్రాడు అసిఫ్ తన మోచేతి మీద గీరుకుపోయిన చోటు తడుముకున్నాడు.

"గడ్డి మీద పడితే నొప్పి ఉండదంట గదా సార్?"

అందరూ నవ్వారు. అంతా కుదిరిపోయినట్టే కనిపించింది.

అప్పుడు సోమశేఖర్ ఆఖరి రూలు చెప్పాడు. నలభై అయిదేళ్లు దాటినవాళ్ళు ఆడకూడదు.

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. వెనక ఇసుకలో కాళ్ళు చాపుకొని కూర్చున్నది గౌస్ చాచా. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. జట్టు మొదలైనప్పటి నుంచీ గోలు దగ్గర నిలబడేది ఆయనే.

"చాచా, ఇఖామా కార్డులో నీ వయసెంత?" అసిఫ్ ఆశగా అడిగాడు.

"ఏజెంటు రాయించింది ఒకటి, మాయమ్మ చెప్పింది ఒకటి. రెండూ నలభై అయిదు దాటి శానా దినాలాయె."

మునాఫ్ "లీగులో చేరం" అన్నది అప్పుడే.

"అదేంటండీ, ఇప్పుడేగా సరేనన్నారు?" అన్నాడు సోమశేఖర్.

"ఏం ల్యా సార్. జెర్సీ గుడ్డ తగిలితే నాకు ఒళ్ళంతా దురద."

"నాకు విజిల్ ఇంటే తలనొప్పి సార్," అన్నాడు అసిఫ్.

చినబాబు గోదావరి వైపు వాడు. రొట్టెల బట్టీలో పని. వాడూ ఏదో ఒకటి చెప్పాలి కదా. "గడ్డి మీదయితే నాకు కాలు జారిపోద్దండి బాబూ. ఇసకే అలవాటైపోయింది."

గౌస్ లేచి వచ్చాడు.

"ఏం రా, మాటలు బాగా నేర్చినారే! నేను యాడికి పోతా? పక్కన కూర్చోని చూస్తాంటా. మీరు చేరండి."

"నువ్వు పక్కన కూర్చుంటే నీ తిట్లు మాకు యినపడవు చాచా," అన్నాడు మునాఫ్. "గోల్లో ఉంటేనే బాగా యినపడేది."

"గోల్లో ఉండి నేనేం పొడిచినా? పోయిన వారం నేపాలోళ్ళు నా కాళ్ళ సందులోంచి కొట్టిరి."

"సందు కనపడింది, కొట్టిరి. దానికి నువ్వేం చేస్తావు?"

గౌస్ అసిఫ్ వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు రా. గడ్డి గడ్డి అని ఒకటే కలవరిస్తివి గదా!"

"గడ్డి గొర్రెలకు చాచా."

"నవ్వులాట కాదు రా. వయసులో ఉండారు. ఇప్పుడు గాక ఇంకెప్పుడు ఆడతారు కప్పు కోసరం?"

మునాఫ్ బంతిని కాలితో ఇసుకలో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కప్పు తెచ్చి యాడ పెట్టుకోవాల? మా రూములో కాళ్ళు చాపుకునేదానికే చోటు ల్యా. ఖలాస్. నువ్వు గోల్లోకి పో చాచా."

ఇక మాట్లాడి లాభం లేదని సోమశేఖర్‌కు అర్థమైంది. అందరితో చేతులు కలిపి కారు వైపు నడిచాడు.

కుర్రాళ్ళు రెండు జట్లుగా విడిపోయి ఆట మొదలుపెట్టారు. గౌస్ అక్కడే నిలబడి చూశాడు. అసిఫ్ పరుగెత్తి పరుగెత్తి బోర్లా పడ్డాడు. లేచాడు. నోట్లో ఇసుక ఉమ్మి, మోచెయ్యి దులుపుకున్నాడు. ఎదుటి వాళ్ళు గోలు ముందుకు వచ్చేశారు. గోలు ఖాళీగా ఉంది. అయినా ఎవరూ బంతిని కొట్టలేదు. కాలి కింద తొక్కిపెట్టి చాచా వైపు చూస్తున్నారు.

"యల్లా చాచా!" అసిఫ్ అరిచాడు. "నీ కోసరమే ఆగి ఉండారు."

గౌస్ ముఖం విప్పారింది.

"వస్తాండా, ఉండండి రా," అని గోలు వైపు కాకుండా కారు వైపు గబగబా నడిచాడు. మూయబోతున్న తలుపును చేత్తో పట్టుకున్నాడు.

"సార్, ఆ వయసు రూలు తీసేయండి సార్. ఈ పిల్లోళ్ళు లీగు ఆడాల. నేనుగూడా వస్తా."

సోమశేఖర్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. మైదానం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అదేంటి గౌస్ గారూ! మోకాళ్ళు అరిగిపోయాయి, మానేస్తానంటే కుర్రాళ్ళు నొచ్చుకుంటారు, మీరే ఏదో ఒక రూలు పెట్టి నన్ను తప్పించండని పోయిన నెలంతా నా చుట్టూ తిరిగింది మీరే కదండీ!"