మొదటి పొర

"ఆ తల జోలికి మాత్రం వెళ్లకమ్మా. దాన్ని నేనే విప్పుతాను," అన్నాడు ప్రొఫెసర్, కోటు తొడుక్కుంటూ.

"ముందు మీ చేతులు చూసుకోండి బాబాయ్. టీ కప్పే నిలవట్లేదు," అంది ఆమె.

ఆయన నవ్వేసి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మ్యూజియం నేలమాళిగలో ఆమె పని రాతిలోంచి ఎముకల్ని బయటికి తీయడం. పదకొండేళ్లుగా ఒకే జంతువుతో కాపురం. మాంసం తినే డైనోసార్. కాళ్లు, తోక, కొడవళ్లలాంటి గోళ్లు బల్లల మీద సిద్ధంగా ఉన్నాయి. లేనిదల్లా తల. అది మూల అరలో ఇరవై రెండేళ్లుగా ప్లాస్టర్ కట్టులోనే ఉంది.

నిన్న పరిశోధన సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. తల చూపించనిదే ఇది కొత్త జాతి అని ఒప్పుకోరట. నెలాఖరు దాకా గడువు. ఒప్పుకుంటే దానికి పెట్టబోయేది ఆమె తండ్రి పేరు. తండ్రి గుర్తుగా ఆమెకు మిగిలింది ఒక ఫొటో, ఒక సుత్తి. ఆ పేరొక్కటి పుస్తకాల్లోకి ఎక్కితే చాలనుకుంటూ ఇన్నేళ్లూ దుమ్ము మింగింది.

జంతువును కనిపెట్టింది తండ్రే. ఆయనా, ప్రొఫెసరూ ప్రాణస్నేహితులు. కొండ పక్కన గోతిలో ఇద్దరే తవ్వేవారు. ఒక మంగళవారం వానకు కొండచరియ విరిగి తండ్రి మీద పడింది. శుక్రవారం గొర్రెల కాపరులు చూసేదాకా ఎవరికీ తెలియదు. గురువారం రాత్రి వరకూ ఊపిరి ఉండే ఉంటుందని డాక్టర్లు చెప్పారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమె తల్లి మొహం మీదికి దుప్పటి లాక్కుని పడుకోలేదు.

"సోమవారమే తలను బండెక్కించుకుని వచ్చేశాను. రెండు రోజులు ఆగి ఉంటే గోళ్లతోనైనా తవ్వి తీసేవాణ్ణి," అని ప్రొఫెసర్ ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. శవం కోసం తెచ్చిన యంత్రాలు అక్కడ మిగిలిన ఎముకలన్నిటినీ పిండి చేశాయి. అంతకుముందే మ్యూజియం చేరిన కాళ్లు, తోక, గోళ్లు కాక, ముందే వచ్చేసింది కాబట్టి తల దక్కింది.

ఆమె చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆయన చలవే. తిరిగొచ్చేసరికి తలను బల్ల మీద పెట్టి ఆశ్చర్యంతో ఆయన నోరు తెరిపించాలనుకుంది.

కట్టు మీద ఆయన చేతిరాత ఉంది: "తల. సోమవారం." పక్కన తేదీ. రంపంతో గాటు పెట్టింది. ప్లాస్టర్ పెంకులా ఊడింది. దాని కింద గోనె పీలికలు. ఆ కింద దినపత్రికలు. ప్లాస్టర్ ఎముకకు అంటకుండా ముందు తడి కాగితం చుట్టడం ఈ పనిలో రివాజు. కట్టు బిగిశాక లోపలికి చీమ కూడా దూరదు. ఏ కట్టు విప్పినా ఆ పాత పేపర్లోని రాశిఫలాలు, సినిమా ప్రకటనలు తల్లికి ఫోన్లో చదివి వినిపించడం ఆమెకు సరదా.

ఇవాళా ఫోన్ చేసింది. "అమ్మా, నాన్న రాక్షసి మొహం చూడబోతున్నా!"

"పళ్లు తోముకుందో లేదో చూడు," అంది తల్లి. "ఆయన చూడాల్సింది తల్లీ."

ఆమె ఫోన్ స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచి, కాగితాన్ని తడిపి మెల్లగా ఒలిచింది. నల్లటి పళ్ల వరుస బయటపడింది. ఒక్కటీ విరగలేదు. ఎంత తీరిగ్గా చుట్టాడో బాబాయ్ అనుకుంది.

"పేపర్లో ఏముందే? చదువు," అంది తల్లి.

ఆమె కళ్లు పేపరు తేదీ మీద పడ్డాయి. పళ్లకు అంటుకుని ఉన్న ఆ మొదటి పొర, తండ్రి ఊపిరి ఆగిన గురువారం పొద్దుటి పేపరు.