కొక్కేల పళ్ళు

పెట్టుడు పళ్ళు పోయిన పొద్దునే ఫల్గుణకు గొంతు పట్టేసింది. రాత్రి తీసి పెట్టే గిన్నెలో పళ్ళూ లేవు, వాటిని పట్టి ఉంచే లోహపు కొక్కేలూ లేవు. మధ్యాహ్నానికి మాట కూడా పడిపోయింది.

"పళ్ళు ఎత్తుకెళ్ళి నీ మీద చిల్లంగి పెట్టారు," అన్నాడు మంత్రాలు తెలిసిన ఊరి గురువు. "ఇంటికి ఎవులొచ్చారు?"

ఫల్గుణ ఎదురింటి వైపు వేలు చూపించాడు. పొద్దున్నే అంబలి తెచ్చిచ్చిన ముసలమ్మ ఇల్లది.

తమ్ముడు మంగ్లు అతన్ని జీపులో సాలూరు ఆసుపత్రికి తీసుకొచ్చాడు. దారంతా ధైర్యం చెబుతూనే ఉన్నాడు.

"బయపడకన్నా. మనోళ్ళు ఆ ముసిల్దాన్ని ఈ సాయంత్రం దాటనివ్వరు. అది పోతే నీ మాట నీకొచ్చేత్తాది."

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. గొంతు కింద తెల్లగా మెరుస్తూ, కొక్కేలతో సహా, ఫల్గుణ పళ్ళు.

"నిద్రలో మింగేశావయ్యా. తీసి పడుకోమని నీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు. జీలుగు కల్లు ఎక్కువైన రాత్రి అతనికది గుర్తులేదు.

ఫల్గుణ వరండాలోకి పరుగెత్తాడు. మంగ్లు అక్కడ నిలబడి ఊరివాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఫల్గుణ అతని చొక్కా పట్టుకుని గుంజాడు. నోరు తెరిచాడు గాని గాలి తప్ప మాట రాలేదు. తన గొంతు మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చూపించాడు.

మంగ్లు అర్థమైనట్టు తలాడించాడు.

"గొంతు కోసెయ్యమంటన్నాడు మా అన్న," అన్నాడు ఫోన్లో. "బేగి కానియ్యండి."