తడిసిన పక్క

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయిన మూడో వారంలో, చెల్పూర్ కొమురమ్మ భూపాలపల్లి దవాఖానకు నడిచే వచ్చింది. దారిలో నాలుగుసార్లు పొదల చాటుకు వెళ్లింది. అయినా చీర తడిసింది.

"రెండేండ్ల సంది గిట్లనే, డాక్టరమ్మా. మూత్రం ఆగుతలేదు. ధర్నాల కూసుందామన్నా భయమే," అంది తల దించుకుని.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. "ముట్లుడిగినంక ఒంట్ల ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గుతదమ్మా. దాంతోటి మూత్రాశయానికి నెత్తురు తక్కువ పోతది. నెత్తురు తెచ్చే ఆక్సిజన్ గూడ సరిగ్గ అందదు. గందుకే ఆపుకునే బలం తగ్గింది. నీ తప్పేం లేదు. మందున్నది."

చీటీ అందుకున్నా కొమురమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"ముసలోళ్లకు గూడ గిట్లనే అయితదా?"

"ఇంకా ఎక్కువనే అయితది. ఎందుకు?"

కొమురమ్మ చీటీని కొంగున ముడేసుకుని లేచింది.

సాయంత్రం ఇల్లు చేరగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా పశువుల కొట్టంలోకి వెళ్లింది. పక్క తడుపుతోందని మూడేళ్ల కిందట తనే అక్కడికి పంపిన అత్త, మంచం మీద ముడుచుకుని ఉంది.

"ఇయ్యాల తడపలేదే బిడ్డా," అంది ముసలామె భయంగా.

"తడిపితే తడిపినవ్ గని, లే అత్తమ్మా. ఇంట్లకు పోదాం," అంటూ కొమురమ్మ ఆమె చేయి పట్టుకుంది.