అన్నయ్య దరువు

కద్మాలో అన్న ఇంటికి వచ్చేటప్పటికి సీతారాం చేతిలో ఉన్నవి రెండే: జుగ్సలాయిలోని తన దుకాణం నుంచి తెచ్చిన స్పీకరు, నలభై ఏళ్ల తగవు. అన్న ఆదిబాబుకు జముకుల పాట ప్రాణం, తమ్ముడికి గజల్. గజల్ మొదలైతే చాలు, అన్న లేచి వెళ్లిపోయేవాడు.

“నీదొకటి, నాదొకటి. నాది ఈసారైనా పూర్తిగా వినాల,” అన్నాడు సీతారాం.

ఆదిబాబు నవ్వాడు. “ముందు జముకులే పెట్రా. నీ ఏడుపుగొట్టు గజల్ తరవాత.”

జముకులు మోగాయి. ఆదిబాబు తొడ మీద దరువు వేశాడు.

ఆ పాట అయిపోగానే సీతారాం గజల్ పెట్టాడు. అన్న మొహం చిట్లించలేదు, లేవలేదు. సీతారాం గుండె నిండింది.

“ఆ దెబ్బ సూడ్రా! నీ గజల్లో ఉందేటి ఇలాటిది?” అన్నాడు అన్న, అదే దరువు వేస్తూ.

సీతారాం వదిన వైపు చూశాడు.

“ఏడాదై ఏటీ ఇనబడదు బాబూ,” అంది పోలమ్మ. “ఇన్నేళ్లు పనిసేసిన మిల్లు సప్పుడు సెవుల్ని తినేసింది. పెదాలు సూసి మాటాడతారు. నీకు సెప్పొద్దన్నారు, నీ పాటే నెగ్గిందనుకుంటావని.”

సీతారాం స్పీకరు ఆపేశాడు. దరువు ఆగలేదు.

నలభై ఏళ్లకు అతనికి గిట్టింది ఇంతే: తన గజల్ నడుస్తుండగా అన్న ఈ ఒక్కసారి లేచి వెళ్లిపోకుండా కూర్చున్నాడు.