కూర్చోబెట్టి తీసిన ఎక్స్‌రే

"పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టండి."

ఎక్స్‌రే డాక్టరమ్మ కటువుగా అంది.

లారీల యజమానికి ఒళ్లు మండింది. కన్నతల్లి కడుపు పట్టుకుని ముడుచుకుపోయి ఉంది. కదిపితే చాలు, ప్రాణం పోతోందంటోంది.

"నా వల్ల కాదురా అయ్యా, పడుకోనివ్వమను."

"వింటున్నారా? అసలు మిమ్మల్ని ఓ తల్లే కన్నదా?" అని అరిచాడు.

డాక్టరమ్మ ముసలామె భుజాలు వెనకనుంచి పట్టుకుని నిటారుగా కూర్చోబెట్టింది. ముసలామె గోలపెట్టి ఏడుస్తున్నా కాసేపు అలాగే ఉంచి, అప్పుడు ఎక్స్‌రే తీయించింది.

ఆ బొమ్మ చూస్తూనే సర్జన్ గదిలోకి పరుగెత్తింది. ఆ వెంటనే ముసలామెను హుటాహుటిన ఆపరేషన్‌కు తీసుకుపోయారు.

కొడుకు చెవుల్లో మాత్రం అమ్మ ఏడుపే మోగుతోంది.

"దీని ఉద్యోగం ఊడబెరక్కపోతే మీసం గొరిగించుకుంటా!"

ఆ ఆస్పత్రి మేనేజరు అతని బావమరిదే.

"ఈ పూటే పంపించెయ్."

"మంచి డాక్టర్, బావా..."

"మీ అక్క మొహం మళ్లీ చూడాలనుందా, లేదా?"

ఆపరేషన్ ముగిసేలోపే డాక్టరమ్మ సంచి భుజాన వేసుకుని గేటు దాటింది. కిటికీలోంచి చూస్తూ అతను మీసం దువ్వుకున్నాడు. కడుపు చల్లబడింది.

ఇంతలో సర్జన్ బయటికి వచ్చాడు.

"అమ్మగారికి ఇక భయం లేదు."

"మీరు దేవుడు సార్!" అంటూ కాళ్ల మీద పడబోయాడు.

"నేను కుట్టానంతే. పేగులో పుండు ముదిరి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి గాలి బయటికొస్తుంది. మనిషి నిటారుగా కూర్చుంటే ఆ గాలి పైకెక్కి ఎక్స్‌రేలో కనపడుతుంది. పడుకోబెడితే కనపడకపోవచ్చు. ఇంకాస్త ఆలస్యమైతే అమ్మగారు దక్కేవారు కాదు. ఉండండి, ఎక్స్‌రే డాక్టరమ్మను పిలిపిస్తాను. ఆ దణ్ణమేదో ఆవిడకి పెట్టండి."

మీసం దువ్విన చేత్తో కిటికీ ఊచ పట్టుకుని చూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు.

"అయినా... అంత కటువుగా చెప్పాలా సార్?" అన్నాడు.

సర్జన్ తల దించుకున్నాడు.

"ఒకప్పుడు ఇదే నొప్పితో ఆవిడ వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది. ఏడుస్తోందని జాలిపడి పడుకోబెట్టే తీయించి, గ్యాసేనని ఇంటికి పంపేశాను. ఆ తల్లి తెల్లారేసరికి పోయింది. అది తెలిసీ ఆవిడ ఇన్నేళ్లుగా నా పక్కనే పనిచేస్తోంది, ఒక్కనాడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు."