అంచుదాకా పోసిన టీ

"చూశావా బురుల్కాన్? మళ్ళీ అంచుదాకా పోసింది."

పొరుగింటి సాలికా రెండు టీ గిన్నెలూ పక్కపక్కన పెట్టి చూపించింది. తన గిన్నెలో టీ సగానికి కూడా లేదు. కొద్దికొద్దిగా పోస్తూ ఉండటమే మర్యాద, ఇంకాసేపు కూర్చోమని. బురుల్కాన్ గిన్నె మాత్రం తొణికిపోతోంది.

"పొరుగుదానికేమో గౌరవం, సొంత అత్తకేమో ఇక లేచి పొమ్మనా? మా రోజుల్లో ఇలా పోసిన కోడలు సాయంత్రానికి పుట్టింట్లో ఉండేది."

టీ కాచే సమోవార్ దగ్గర కూర్చున్న కోడలు జిబెక్ తలెత్తలేదు. బురుల్కాన్ గిన్నె అందుకుంది. చెయ్యి వణికి కాస్త టీ కింద పరిచిన పరుపు మీద ఒలికింది.

"అదిగో. సొంత ఇంట్లో భయపడుతూ బతికే గతి పట్టింది నీకు," అంది సాలికా, రొట్టె ముక్క మీద మీగడ పరుచుకుంటూ. ఎదుటివాళ్ళ కష్టాలు తలుచుకుంటే సాలికాకు ఆకలి పెరుగుతుంది.

అప్పుడే నర్సు దమీరా వచ్చింది. జిల్లా ఆసుపత్రి మానసిక విభాగం నుంచి, మందులు వాడేవాళ్ళ ఇళ్ళకు వచ్చి చూసిపోతుంటుంది. గుమ్మం దగ్గర బూట్లు విప్పబోయి, సాలికాను చూసి ఆగింది.

"నేను తర్వాత వస్తాలెండి."

"ఎందుకూ, నేనేమన్నా పరాయిదాన్నా?" అంది సాలికా. "వీధి మొత్తానికి తెలిసిన జబ్బుకి తలుపు చాటు వైద్యం ఎందుకంట?"

దమీరా బురుల్కాన్ వైపు చూసింది. ఆవిడ తలగుడ్డ సర్దుకుంటూ కిటికీలోంచి మంచుకొండల్ని చూస్తోంది, వాటిని ఇవాళే ఎవరో తెచ్చి పెట్టినట్టు.

"కూర్చోండి ఎజె. నన్ను అడగండి, పర్లేదు," అంది జిబెక్, నర్సును అక్కా అని పిలుస్తూ.

దమీరా కూర్చుని మాత్రల డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

"సరే చెప్పు. ఎప్పుడెప్పుడు?"

"పొద్దున, రాత్రి. ఏదైనా తిన్నాక."

"ఒక పూట మర్చిపోతే?"

"మర్చిపోయినట్టే. తర్వాతి పూట రెండూ కలిపి వెయ్యకూడదు."

"ఉప్పు?"

"ఎప్పుడూ తినేంతే. ఉన్నట్టుండి తగ్గించకూడదు, పెంచకూడదు. నీళ్ళు గానీ టీ గానీ బాగా పడాలి."

"కాళ్ళు తూలినా, మాట ముద్దగా వచ్చినా, వాంతులైనా?"

"మాత్ర ఆపి, వెంటనే మీకు ఫోన్."

"అంతా బాగుంది, ఇక ఇదెందుకు అనిపిస్తే?"

జిబెక్ కొంచెం నవ్వింది. "అలా అనిపించినప్పుడే అస్సలు మానకూడదు."

"పిచ్చిదానికి పాఠం బాగానే ఒంటబట్టింది," అంది సాలికా.

"పిచ్చి కాదు సాలికా ఎజె, జబ్బు. మీకు బీపీ లేదూ? ఇదీ అంతే," అంది దమీరా.

"నా బీపీ గేటుకి రంగులెయ్యదమ్మా," అంది సాలికా. "పోయిన వసంతంలో ఈ ఇంటి గేటు రాత్రి నీలం, తెల్లారేసరికి పచ్చ, మధ్యాహ్నానికి మళ్ళీ నీలం. కడుపుతో ఉన్న గొర్రెని బస్సు డ్రైవరుకి ఊరికే ఇచ్చేశారు, అతని నవ్వు బాగుందట. ఎవరే ఇదంతా అని అడిగితే, నేనే అని ఈ పిల్లే ఒప్పుకుంది. గుర్తుందా బురుల్కాన్?"

"గుర్తుంది," అంది బురుల్కాన్. పొద్దుటి నుంచి ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది.

"మరింకేం? నీ కొడుకు లారీ వేసుకుని కనుమ దాటాడు, ఎప్పటికొస్తాడో. ఈలోపు ఇది ఇల్లు తగలబెడితే? ఇప్పుడే వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాను. సాయంత్రానికి వచ్చి తీసుకుపోతారు. రేపు మా మనవణ్ణి ఉయ్యాల్లో వేసే విందుకి ఎలాగూ ఊరంతా వస్తుంది, కారణం అందరికీ నేనే చెప్తాలే. నువ్వు నోరు విప్పక్కర్లేదు."

అలా పుట్టిల్లు చేరిన పిల్లను మళ్ళీ ఎవరూ పిలవరు. ఇటు అత్తింటివాళ్ళూ పిలవరు, అటు పెళ్ళిళ్ళకూ పిలవరు. ఆ సంగతి గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

జిబెక్ మాత్రల డబ్బాను ఒళ్ళో పెట్టుకుంది.

"వెళ్ళమంటే వెళ్తాను అపా," అంది అత్తగారితో. కళ్ళు మాత్రం డబ్బా మీదే ఉన్నాయి.

దమీరా ఏదో అనబోయి, బురుల్కాన్ ముఖం చూసి మానేసింది. అది తను చెప్పే మాట కాదు.

సాలికా ఫోన్ తీసి చెవిన పెట్టుకుంది. అవతల మోగుతున్న చప్పుడు అందరికీ వినపడుతోంది.

"పెట్టెయ్," అంది బురుల్కాన్.

"ఎందుకు పెట్టాలి? నీ మంచికేగా..."

"పెట్టెయ్ అన్నాను. టీ చల్లారిపోతోంది, కూర్చుని తాగు. రేపు విందులో చెప్పుకోడానికి నీకో సంగతి చూపిస్తాను."

సంగతి అనేసరికి సాలికా ఫోన్ దానంతటదే ఒళ్ళోకి దిగింది. రొట్టె నమలడం కూడా ఆపేసింది.

బురుల్కాన్ నడుం నిటారు చేసుకుంది. అంచుదాకా నిండిన గిన్నెను రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. మళ్ళీ కాస్త ఒలికింది, ఈసారి తుడుచుకోలేదు. కుడిచెయ్యి తీసి, ఆ వణుకు సాలికాకు బాగా కనపడేటట్టు, అరచెయ్యి కోడలి ముందు చాచింది.

"నా మాత్ర ఇటివ్వమ్మా."