నడుం పట్టీ

జీడిపప్పు మిల్లులో బస్తాలు మోసి నడుం పాడైన పైడితల్లికి, అలాంటి వాళ్లందరికీ వేసినట్టే, ఆసుపత్రివాళ్లు మాట్లాడే పట్టీ బిగించారు. కోలుకునేదాకా దాన్ని విప్పగలిగేది వాళ్లే.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఇంకెవరూ లేరు. తప్పటడుగులు వేస్తూ వచ్చిన కూతురు గడప తగిలి బోర్లా పడి గుక్కపట్టింది. ఎత్తుకోబోయిన పైడితల్లిని పట్టీ కొయ్యలా నిలబెట్టేసింది.

"వంగకండి. నొప్పి వస్తుంది," అంది పట్టీ.

"నా నొప్పేదో నాను పడతాను, ఒగ్గెయ్!"

పట్టీ వదల్లేదు. పిల్ల మొహం నీలం తిరుగుతోంది. పైడితల్లి కళ్లు మూసుకుని, నిలువునా పిల్ల పక్కన కూలిపోయింది. వీపు వంగలేదు గనక పట్టీ అడ్డుచెప్పలేదు.

గుండెకు హత్తుకోగానే పిల్ల ఊపిరి తీసుకుంది. ఇప్పుడు లేవాలంటే వంగాలి. మొగుడు పనినుంచి వచ్చేదాకా ఇంతే.

"పడుందాంలే, తల్లీ," అంది పిల్లతో.